నాచు బుడగలు, దాళ్వా బస్తాలు: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 18

మా అన్న కూతురికి బడిలో ఇచ్చిన ప్రాజెక్టు ఇది. తొమ్మిదో తరగతి. "కిరణజన్య సంయోగక్రియ రేటును ప్రభావితం చేసే అంశాలు" అని నోటుబుక్కులో రాసుకొచ్చింది. చార్టు మీద ఆకు బొమ్మ గీసి, సూర్యుడి నుంచి నాలుగు బాణాలు దించి ఇచ్చేస్తే మార్కులు పడతాయి. కానీ సాయంత్రం అరుగు మీద కూర్చుని అది పైకి చదువుతుంటే మా నాన్న విన్నారు. (మా వైపు వానాకాలపు వరిని సార్వా అని, చలికాలంలో ఊడ్చే రెండో పంటను దాళ్వా అని అంటాం.)

"అయితే ఇది చెప్పమ్మా. మన నాలుగెకరాలూ అదే మట్టి, అదే కాలవ నీరు. సార్వాకి ఎకరానికి ఇరవయ్యెనిమిది బస్తాలు దాటదు. దాళ్వాకి నలభై రెండు తూగుద్ది. ఎందుకంటావు?"

"దాళ్వాకి ఎండ ఎక్కువ కదా తాతయ్యా."

"ఎండెక్కువైతే పంటెక్కువని ఎవరు చెప్పారు? నడినెత్తిన ఎండలో నిన్ను నిలబెడితే ఎదుగుతావా, వాడిపోతావా?"

పిల్ల నా వంక చూసింది. నేను బీఎస్సీలో బోటనీ చదివినవాణ్ణి. జవాబు నా దగ్గర ఉందనుకుని మొదలుపెట్టి రెండో మాటకే ఆగిపోయాను. వెలుతురు ఒక హద్దు దాటాక ఆకు పని ఇక పెరగదని చదువుకున్నాం. మబ్బు పట్టిన రోజు కూడా బయట వెలుతురు ఆ హద్దుకు మరీ తక్కువేం ఉండదు. మరి ఎకరానికి 14 బస్తాల తేడా (బస్తా అంటే 75 కిలోలు) ఎక్కణ్ణుంచి వస్తోంది? ఈ డైరీ ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను. బడిలో ఇచ్చేది ఇందులోంచే తీసిస్తాం.

జనవరి 20

సామాను: వెడల్పు మూతి హార్లిక్స్ సీసా, రెండు పరీక్ష నాళికలు, గాజు గరాటు, ల్యాబు థర్మామీటరు, తినే సోడా, ఫోనులో వెలుతురు కొలిచే యాప్. దీపం కోసం పెళ్ళిళ్ళకు లైట్లు కట్టే కుర్రాడి దగ్గర 50 వాట్ల ఎల్ఈడీ ఫోకస్ లైటు అడిగి తెచ్చాను. పాత పసుపు బల్బు వద్దనుకున్నాను. అది వెలుతురుతో పాటు వేడినీ పోస్తుంది. రెండూ కలిసి మారితే ఏది దేన్ని మార్చిందో చెప్పలేం.

మొక్క మాత్రం కొనక్కర్లేదు. మాది గోదావరి మధ్య డెల్టా. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ లంకల మధ్య కాలవలు పారుతూనే ఉన్నాయి. ఆ కాలవల్లో హైడ్రిల్లా పెరుగుతూనే ఉంది. మేం ఉత్త నాచు అంటాం. రేవు మెట్ల దగ్గర చెయ్యి పెడితే గుప్పెడు వస్తుంది. దాని ఆకు మందం రెండే రెండు కణాలు. సన్నటి కాడ లోపల గాలి గదులుంటాయి. ఆకులో పుట్టిన వాయువు ఆ గదుల్లోకి చేరి, కాడ కోసిన చోటు నుంచి బుడగలుగా బయటికొస్తుంది. నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెడితే ఆకు ఎంత జోరుగా పనిచేస్తోందో తెలుస్తుంది. ఈ ప్రయోగానికి నాచును ఎంచుకోవడానికి కారణం ఇదే.

జనవరి 23

రెండు రోజులు ఒక్క బుడగా లేదు.

నాచు రెమ్మ ఎనిమిది సెంటీమీటర్లు, కోసిన కొస పైకి, చివరికి గులకరాయి కట్టి ముంచాం. అంతా పుస్తకంలో ఉన్నట్టే. మూడో రోజు పొద్దున కొసని భూతద్దంలో చూస్తే తెలిసింది. కత్తెరతో కోయడం వల్ల కాడ నొక్కుకుపోయి గాలి గదుల మూతులు మూసుకుపోయాయి. కొత్త బ్లేడుతో నీళ్ళలోనే, ఏటవాలుగా కోశాం. దీపం 30 సెం.మీ. దూరంలో పెట్టాం. అర నిమిషం గడిచాక కొసన ఆవగింజలో నాలుగో వంతు ఉన్న బుడగ ఉబ్బి, ఊగి, విడిపోయి పైకి పోయింది. దాని వెనకే ఇంకోటి. తర్వాత వరసగా, జపమాల తిప్పినట్టు.

పిల్ల ఊపిరి బిగపట్టి చూస్తోంది. నాకూ అంతే. డిగ్రీలో ఈ బొమ్మ ఎన్నిసార్లు గీశానో! కళ్ళారా చూడటం ఇదే మొదలు.

జనవరి 26

ఉత్సాహం కొద్దీ సీసాను డాబా మీద ఎండలో పెట్టాం. పది నిమిషాల్లో బుడగలే బుడగలు. లెక్కకి అందలేదు. పిల్ల "నూటయాభై" అని రాసేసింది.

నాకు అనుమానం వచ్చింది. బుడగలు కొస నుంచే కాదు, గులకరాయి మీద, గాజు గోడ మీద కూడా పట్టి ఉన్నాయి. రాయి కిరణజన్య సంయోగక్రియ చెయ్యదు కదా. ఒక రెమ్మను వేడి నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, ఇంకో సీసాలో పక్కనే పెట్టాం. చచ్చిన నాచు కూడా బుడగలు వదిలింది!

సంగతేమిటంటే, చల్లటి నీళ్ళలో కరిగి ఉన్న గాలి నీరు వేడెక్కేకొద్దీ బయటికొచ్చేస్తుంది. అన్నం ఎసరు మరగక ముందే గిన్నె అడుగున సన్న బుడగలు పట్టేది ఇందుకే. ఆ రోజు లెక్క మొత్తం కొట్టేశాం. అప్పటి నుంచి రెండు నియమాలు: నీళ్ళు ముందు రాత్రే తెచ్చి గదిలో ఉంచాలి, ఉడికించిన రెమ్మ ఎప్పుడూ పక్క సీసాలో ఉండాలి. ఉడికించినది ఒక్క బుడగ వదిలినా ఆ లెక్క చెల్లదు.

ఈ ప్రయోగం చేసే ప్రతి పిల్లకీ ముందు ఈ ఉడికించిన రెమ్మ సంగతే చెప్పాలనిపించింది.

ఫిబ్రవరి 2

దూరం లెక్కలు. గది తలుపులు మూసి, దీపం ఒక్కటే. నీళ్ళలో పావు చెంచా తినే సోడా కలిపాం. ప్రతి దూరం దగ్గరా ఐదు నిమిషాలు ఆగి, మూడుసార్లు లెక్కపెట్టి సగటు తీశాం. 80 సెం.మీ. దగ్గర నిమిషానికి 7. 60 దగ్గర 12. 40 దగ్గర 27.

వెలుతురు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అంటే దీపం 80 నుంచి 40కి తెస్తే దూరం సగమైంది, వెలుతురు నాలుగు రెట్లయింది. బుడగలూ ఏడు నుంచి ఇరవయ్యేడు, దాదాపు నాలుగు రెట్లు. పిల్ల గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి స్కేలు ఆనించింది. గీత తిన్నగా వచ్చింది.

30 దగ్గర 41. బాగుంది. 20కి జరిపితే వెలుతురు మళ్ళీ రెట్టింపు దాటింది, బుడగలు మాత్రం 43. స్కేలు పక్కన పెట్టి చేత్తో వంపు గీయాల్సి వచ్చింది. నాన్న అడిగిన ప్రశ్నలో ముడి అంతా ఈ వంపు దగ్గరే ఉంది. ఎండ ఎక్కువైతే పంట ఎక్కువ అన్నమాట ఒక మేరకే నిజం.

ఫిబ్రవరి 5

లెక్క మధ్యలో కరెంటు పోయింది. పిల్ల చేతిలో టార్చి ఉంది, దాన్ని పక్కకి తిప్పి కొసను చూసింది. బుడగలు వెంటనే ఆగలేదు. ఒకటి, రెండు, మూడు… ఒక్కోటీ ముందుదానికంటే ఆలస్యంగా. పద్నాలుగు సెకన్లకి చివరిది కొసనే వేలాడుతూ ఉండిపోయింది. కాడలో మిగిలిన గాలి ఆ పద్నాలుగు సెకన్లూ నెట్టుకొచ్చిందన్నమాట. కరెంటు వచ్చింది. అర నిమిషంలో మళ్ళీ మొదలు.

"వెలుతురు లేకపోతే ఏం ఆగింది బాబాయ్?"

నీటిని చీల్చడం ఆగింది. ఆకుపచ్చ రేణువుల్లో పత్రహరితం వెలుతురును పట్టుకుని, ఆ బలంతో నీటిని విడగొడుతుంది. అందులోంచి వచ్చేదే ఆక్సిజన్. చాలాకాలం ఈ ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ లోంచి వస్తోందని అనుకునేవారు. 1941లో రూబెన్, కామెన్ అనే ఇద్దరు బరువైన ఆక్సిజన్ కలిసిన నీటిని ఉపయోగించి అది నీటిదేనని చూపించారు. మన సీసాలో పైకి పోయే ప్రతి బుడగా కాసేపటి క్రితం కాలవ నీరే.

అలా పట్టుకున్న వెలుతురు శక్తి రెండు రకాల అణువుల్లో నిలవ ఉంటుంది. రెండో దశలో ఆ శక్తిని ఖర్చుపెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా కడుతుంది ఆకు. ఆ పని చేసేది ఎంజైములు, వాటిలో ముఖ్యమైనది రుబిస్కో. ఈ దశకు నేరుగా వెలుతురు అక్కర్లేదు. కానీ మొదటి దశ ఆగితే దీనికి సరుకు అందదు, కొద్దిసేపట్లో ఇదీ చతికిలపడుతుంది. ఈ రెండు దశలూ విడివిడిగా గుర్తుంటే తర్వాత వచ్చే లెక్కలన్నీ అర్థమవుతాయి.

ఫిబ్రవరి 9

ఈరోజు సోడా లేకుండా, ఉత్త కాలవ నీళ్ళతో అదే దూరాలు. 80 దగ్గర 6. 60 దగ్గర 11. 40 దగ్గర 17. 20 దగ్గర 18.

రెండు గీతలూ ఒకే కాగితం మీద గీశాం. మసక వెలుతురులో రెండూ అంటిపెట్టుకుని ఉన్నాయి. సోడా వేసినా వెయ్యకపోయినా ఏడు, ఆరు. వెలుతురు పెరిగేకొద్దీ విడిపోయి, 20 సెం.మీ. దగ్గర ఒకటి 18 దగ్గర ఆగితే ఇంకోటి 43కి పోయింది. తినే సోడా నీళ్ళలో బైకార్బొనేటు ఇస్తుంది. హైడ్రిల్లా దాన్ని కూడా కార్బన్ కోసం వాడుకోగలదు. అంటే వెలుతురు పుష్కలంగా ఉన్నప్పుడు ఈ నాచు కార్బన్ కోసం ఆకలితో ఉంది. వెలుతురే లేనప్పుడు సోడా ఎంత పెట్టినా దానికి పట్టలేదు.

1905లో బ్లాక్‌మన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చెప్పింది ఇదే. చాలా వాటి మీద ఆధారపడిన పని ఎంత వేగంగా జరుగుతుందో వాటిలో అన్నిటికంటే కొరతగా ఉన్నదే నిర్ణయిస్తుంది. ఇది నేను నాన్నకి గ్రాఫు చూపించి చెబుతుంటే ఆయన కాగితం వంక చూడనే లేదు.

"లాకులు పూర్తిగా ఎత్తినా మన తూము జానెడే అయితే చేలోకి జానెడు నీళ్ళే. తూము పెద్దది చేసినా లాకులు దించేస్తే అదీ అంతే. ఏది ఇరుగ్గా ఉంటే దాని మాటే చెల్లుద్ది."

పిల్ల ప్రాజెక్టులో బ్లాక్‌మన్ పేరు కిందే ఈ మాట రాసుకుంది. రాసుకోవాల్సిందే.

ఫిబ్రవరి 14

వేడి. పక్క చేలో రొయ్యల చెరువున్న మావయ్య దగ్గర బాక్సుల్లో నింపగా మిగిలిన ఐసు తెచ్చి, సీసా చుట్టూ బకెట్లో వేశాం. నీళ్ళు 18 డిగ్రీలకు దిగాయి. సోడా కలిపి, దీపం 20 సెం.మీ. దగ్గర పెడితే 19 బుడగలు. గది వేడి, 28 డిగ్రీల దగ్గర 42. వేడి నీళ్ళ బకెట్లో 36కి తెస్తే 52. 45 డిగ్రీలకు తీసుకెళితే మొదట 21, పది నిమిషాలకు 8, తర్వాత గది వేడికి తెచ్చినా కోలుకోలేదు. ఆ రెమ్మ పోయింది. ఎంజైములు ఒక మేర వరకే వేడితో జోరందుకుంటాయి, అది దాటితే వాటి ఆకారమే చెడుతుంది.

తర్వాత చేసిందే నాకు ముఖ్యం. దీపాన్ని 80కి జరిపి మళ్ళీ చూశాం. 18 డిగ్రీల దగ్గర 6, 28 దగ్గర 7, 36 దగ్గర 6. వేడి పెంచినా కదలిక లేదు. మసక వెలుతురులో ఎంజైములు సరుకు కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటాయి. వాటిని ఎంత ఉరకలెత్తించినా ఏం లాభం? వెలుతురు దశకు వేడితో పెద్దగా పని లేదు. ఇక్కడ ఇరుకు తూము అదే.

ఫిబ్రవరి 16

రంగు జిలాటిన్ కాగితాలు దీపానికి చుట్టాం. ఎరుపులో 22, నీలంలో 15, ఆకుపచ్చలో 5. పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ బాగా పట్టుకుంటుంది, ఆకుపచ్చను ఎక్కువగా వదిలేస్తుంది, అందుకే ఆకు మనకి పచ్చగా కనిపిస్తుంది. లెక్క ఆ దారిలోనే ఉంది. కానీ మూడు కాగితాలూ ఒకే మోతాదు వెలుతురును వదలవు. ఫోను యాప్ మన కంటికి తగ్గట్టు ఆకుపచ్చకే ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి దాంతో సరిచేయడమూ కుదరదు. ప్రాజెక్టులో పెట్టమన్నాను గానీ ఈ మూడు అంకెల మీద నాకు నమ్మకం తక్కువ. ఆ మాట కూడా రాయమన్నాను.

ఫిబ్రవరి 20

"అది ఆక్సిజనే అని ఎలా తెలుసు?" అని బడిలో స్నేహితురాలు అడిగిందట. మంచి ప్రశ్న. పది రెమ్మల మీద గరాటు బోర్లించి, దాని కాడ మీద నీళ్ళు నింపిన నాళిక బోర్లించాం. మూడు అంగుళాల గాలి చేరడానికి రెండు పగళ్ళు పట్టింది. నాళికను బొటనవేలితో మూసి తీసి, మంట ఆర్పి నిప్పు మాత్రం మిగిల్చిన అగరబత్తిని లోపలికి దించాం. కొసన బూడిద రంగులో ఉన్న నిప్పు ఒక్కసారిగా నారింజ రంగుకు తిరిగి భగ్గున వెలిగింది. రెండు సెకన్లు. అంతే. ఈ బుడగల్లో ఉత్త ఆక్సిజన్ ఒక్కటే ఉండదు, నీళ్ళలోని నత్రజని కూడా కలుస్తుంది. అయినా ఆ రెండు సెకన్ల వెలుగు మా ఇద్దరికీ చాలు.

1771లో ప్రీస్ట్లీ పుదీనా రెమ్మ పెట్టిన గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగించాడు. 1779లో ఇంగెన్‌హౌజ్ నీటిలో ముంచిన ఆకులు ఎండలోనే బుడగలు వదులుతాయని, చీకట్లో వదలవని గమనించాడు. మా ఇంటి వంటగదిలో హార్లిక్స్ సీసాతో జరిగింది అదే పని.

ఫిబ్రవరి 27

తెల్లవారుజాము ఐదింటికి మావయ్య చెరువు గట్టు మీద ఉన్నాం. వెనామీ రొయ్యలు. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. మావయ్య డీవో మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) నీళ్ళలోకి దించారు. లీటరుకు 3.6 మిల్లీగ్రాములు. అదే చెరువు, అదే చోటు, మధ్యాహ్నం మూడింటికి 8.9. పీహెచ్ కూడా పొద్దున 7.8, మధ్యాహ్నం 8.6.

పగలంతా నీటిలోని సూక్ష్మమైన ఆకుపచ్చ జీవులు ఆక్సిజన్ నింపుతాయి, కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటాయి. అది తగ్గితే నీటిలో ఆమ్లగుణం తగ్గి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి ఆ పని ఆగుతుంది. ఊపిరి మాత్రం ఆగదు. రొయ్యలు, బ్యాక్టీరియా, ఆ ఆకుపచ్చ జీవులు కూడా తెల్లార్లూ ఆక్సిజన్ తింటూనే ఉంటాయి. అందుకే తెల్లవారే ముందు అడుగంటుతుంది.

"మబ్బు పట్టిన రోజైతే మరీ భయం బాబూ. పగలు నింపుకోవలసింది నింపుకోదు, రాత్రికి లోటు పడుద్ది. అలాంటి రోజున నేను ఏరియేటరు ఆపను, కరెంటు పోతే జనరేటరు దగ్గరే పడుకుంటాను" అన్నారు మావయ్య. చెరువులో రొయ్యలు పైకి తేలిన రాత్రి ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కిరణజన్య సంయోగక్రియ రేటు ఎంతో లెక్క కట్టుకుని నిద్రపోయే మనుషులు వీళ్ళు.

ఆకు కూడా ఇంతే. పగలు సంపాదించినదాంట్లోంచి రాత్రి ఖర్చు తీసేస్తే మిగిలేదే గింజ.

మార్చి 6

డాబా మీద తొట్టిలో మూడు వారాలుగా కిక్కిరిసి పెరుగుతున్న నాచు రెమ్మని, కాలవలోంచి అప్పుడే తెచ్చిన రెమ్మని పక్కపక్కన పెట్టాం. సోడా లేదు, దీపం 20 దగ్గర. కాలవది 18. తొట్టిది 24.

ఇది ఒక్క లెక్కతో తేలే విషయం కాదు గానీ, నాకు ఒళ్ళు జలదరించింది. హైడ్రిల్లాకి ఒక విద్య ఉంది. నీరు వేడెక్కి, కార్బన్ డయాక్సైడ్ కరువైనప్పుడు, చెరకు, మొక్కజొన్న చేసినట్టు కార్బన్‌ను ముందు ఒక ఆమ్లంగా పట్టి, దాన్ని రుబిస్కో ఉన్న చోట కుప్పపోస్తుంది. వరికి ఆ విద్య లేదు. 1920ల్లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఇదే నాచు మీద బుడగలు లెక్కపెట్టే యంత్రం కట్టి, వేసవి మొక్కకూ చలికాలపు మొక్కకూ తేడా ఉందని కనిపెట్టాడు. మన రేవు మెట్లకి పట్టే నాచు!

మార్చి 12

చేను ఈనుతోంది. జనవరి మొదట్లో ఊడ్చిన ఎంటీయూ 1121. మార్టేరు వరి పరిశోధన కేంద్రం వారి రకం. 1925 నుంచీ మన డెల్టా వరికి పుట్టిల్లు ఆ పరిశోధన కేంద్రం. సార్వాకి మేం వేసే స్వర్ణ 7029 కూడా అక్కడిదే.

మందార ఆకు మీద నల్ల కాగితం పట్టీ కట్టి, రెండు రోజుల తర్వాత ఆకును ఉడికించి, స్పిరిట్లో పచ్చదనం దించి, అయోడిన్ వేశాం. స్పిరిట్ గిన్నెను ఎప్పుడూ వేడి నీళ్ళ గిన్నెలోనే పెట్టాలి, మంట మీద పెట్టకూడదు, క్షణంలో అంటుకుంటుంది. ఎండ తగిలిన చోట నీలినలుపు, పట్టీ ఉన్న చోట ఉత్త గోధుమరంగు. పట్టీ అంచు గీత గీసినట్టు పడింది.

అదే పని వరి ఆకుతో చేస్తే రంగు సరిగా రాలేదు. పిల్ల నిరుత్సాహపడింది. వరి ఆకు తాను చేసినదాన్ని పిండిగా తన దగ్గర ఎక్కువ దాచుకోదు, పంచదారగా మార్చి కిందికి పంపేస్తుంది. ఎక్కడికి? పోటాకు (అన్నిటికంటే పైనుండే చివరి ఆకు) కింద కాడకు చుట్టుకుని ఉండే తొడిమ ఒరను అడ్డంగా బ్లేడుతో కోసి, కోసిన ముఖం మీద చుక్క అయోడిన్ వేశాను. నలుపు పొంగుకొచ్చింది, సిరా పీల్చే కాగితంలా. ఈనక ముందు అక్కడ దాచిన పిండి ఇక గింజలోకి ఎక్కుతుంది. కానీ గింజ నిండేది ముఖ్యంగా దాంతో కాదు. ఈనిన తర్వాత, పాలు పోసుకునే నెల రోజుల్లో పై ఆకులు చేసేదే ఎక్కువ.

నాన్న ఆ కాడను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. అరవై ఏళ్ళుగా వరి పండించిన చేతులు. "ఇన్నాళ్ళూ ఇక్కడుందన్నమాట" అన్నారు.

మార్చి 18

సీసాను చేలోకి తీసుకెళ్ళాం. అసలు ప్రశ్నకి జవాబు గదిలో దొరకదని నాకు ఈ వారమే తట్టింది.

మధ్యాహ్నం పన్నెండు. ఆకాశంలో మచ్చ లేదు. చేను పైన ఫోను 94 వేల లక్స్ (వెలుతురు కొలత) చూపించింది. దుబ్బుల మధ్య, నీటికి జానెడు ఎత్తులో, 5 వేలు. సోడా లేని కాలవ నీళ్ళు, రెండు రెమ్మలు, రెండు సీసాలు. పైనున్నది 18 బుడగలు, కిందది 13. వేడెక్కకుండా తడి గుడ్డ చుట్టి, ఐదు నిమిషాలే ఉంచాం. ఉడికించిన రెమ్మ ఒక్క బుడగా వదల్లేదు.

మార్చి 21

అకాలపు మబ్బు. మామిడి పిందెకు దిగులు గానీ నాకు ఇదే కావాలి. పరుగున వెళ్ళాం. చేను పైన 18 వేల లక్స్. దుబ్బుల మధ్య 900.

పైన పెట్టిన రెమ్మ 17. ఎండలో పద్దెనిమిది, మబ్బులో పదిహేడు! ఐదో వంతు వెలుతురుకి దానికి తేడాయే తెలియలేదు. తర్వాత కింద పెట్టిన సీసా దగ్గర బురదలో గొంతుక్కూర్చున్నాను. ఒక బుడగ. చాలాసేపు ఏం లేదు. ఇంకోటి. నిమిషానికి రెండు.

మూడు రోజుల నాడు పదమూడు. ఇవాళ రెండు.

నా తడబాటుకి జవాబు ఇక్కడుంది. నేను ఇన్నాళ్ళూ ఒక్క ఆకు గురించి ఆలోచిస్తున్నాను. చేను ఒక్క ఆకు కాదు. దుబ్బు మీద దుబ్బు, ఆకు మీద ఆకు. పై ఆకుకి ఎండ మిగిలిపోతుంది, కింది ఆకు ఆ మిగులు మీదే బతుకుతుంది. మబ్బు పట్టినప్పుడు పై అంతస్తు ఇంచుమించు మామూలుగా పనిచేస్తుంటే కింది అంతస్తులు పస్తుంటాయి, పస్తున్నా ఊపిరి ఖర్చు తప్పదు. స్వర్ణ ఈనేది అక్టోబరులో, వాయుగుండాల కాలంలో. దాళ్వా పాలు పోసుకునేది మార్చి, ఏప్రిల్ ఎండల్లో. గింజ నిండే ఆ నెల రోజులే పదమూడుకీ రెండుకీ ఉన్న తేడా.

నాచు వరి కాదు, అదీ చెప్పాలి. వరి ఆకు నాచు కంటే చాలా ఎక్కువ ఎండను వాడుకుంటుంది కాబట్టి మబ్బు రోజు వరిలో పై ఆకు కూడా కొంత నష్టపోతుంది. సార్వాకి ముంపు, గాలివాన, తెగుళ్ళు అదనం. 14 బస్తాల తేడా మొత్తాన్నీ వెలుతురు ఖాతాలో వెయ్యను.

మార్చి 24

రాత్రి భోజనాల దగ్గర పిల్ల తాతయ్యకి మొత్తం చెప్పింది. పదమూడు, రెండు. ఆయన కంచంలో చెయ్యి ఆపి విన్నారు.

"మరి ప్రతి రెండు మీటర్లకీ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరగా వదలమంటారు కదరా. సుడిదోమ పురుగు పట్టకుండా ఉండటానికే అనుకున్నాను. దాంట్లోంచి కిందికి వెలుతురు కూడా దిగుద్దన్నమాట."

దిగుతుంది. ఉదయం కాలిబాట అంచున ఉన్న దుబ్బు మొదట్లో కొలిచాను. లోపల 5 వేలున్న చోట అక్కడ 21 వేలు.

"సార్వాకి ఇంకాస్త వెడల్పు తీస్తే?"

బాట వెడల్పు చేస్తే దుబ్బులు తగ్గుతాయి, ఏది ఎక్కువో చూడకుండా చెప్పలేనన్నాను. కాలవ చివరి అరెకరంలో సగం 20, సగం 30 వదిలి చూద్దామని ముగ్గురం అనుకున్నాం. బస్తాలు విడిగా తూయాలి. రెండు వైపులా దుబ్బు మొదట్లో వారానికోసారి లక్స్ రాయాలి, మబ్బు రోజున తప్పకుండా. పిల్ల నోటుబుక్కులో గళ్ళు గీసేసింది.

సీసాలో రెమ్మల్ని రేవులో వదిలేశాం. ఏప్రిల్లో కాలవలకు నీరు కట్టేస్తారు. నీరొచ్చి, నారు పోసి, ఊడ్పుల తాడు పట్టేది జులైలో. మళ్ళీ అప్పుడు రాస్తాను.